కయోటీ తోలు పాడవకుండా ఏ తూటా: .17 నుంచి .243 దాకా

కయోటీ (ఉత్తర అమెరికాలో తిరిగే, తోడేలు కన్నా చిన్న అడవి కుక్క) వేటకు తూటా కొనేటప్పుడు చాలామంది పెట్టె మీద వేగం ఎంత రాశారో చూసి కొంటారు. తోలు అమ్మాలనుకునేవాళ్ళకు ఆ అంకె సగం సంగతే చెబుతుంది. బుల్లెట్ (తూటా కొనన ఉండి ఎగిరి వెళ్ళే భాగం) జంతువును తాకే చోట, అది 60 గజాలైనా 220 గజాలైనా, ఇంకా ఎంత వేగం మిగిలి ఉంది, ఆ వేగానికి దాని జాకెట్ (సీసం మీది రాగి పొర) ఎంతవరకు తట్టుకుంటుంది అన్నదే అసలు లెక్క. ఈ రెండూ కుదిరితే ఒక పక్క పెన్సిల్ మొనంత చిల్లు పడుతుంది, రెండో పక్క ఏమీ ఉండదు. కుదరకపోతే నష్టం రెండు రకాలు. బుల్లెట్ గట్టిదైతే అవతలి పక్క పిడికిలంత తోలు చీల్చుకుని బయటికి వస్తుంది. మరీ పెళుసుదైతే చర్మం కిందే పగిలి భుజం మీద గుంట పెడుతుంది, ఊపిరితిత్తుల దాకా చేరదు, జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. ఇది తోలుకు నష్టమే, అంతకన్నా ముందు ఆ జంతువుకు చేసిన అన్యాయం. అందుకే ఇక్కడ ప్రతి తూటాలో మొదట చూసింది అది వెంటనే పడగొడుతుందా అని. తోలు లెక్క ఆ తర్వాతే.

కయోటీ చూసినంత పెద్దది కాదు. బొచ్చు తీసేస్తే పశ్చిమ రాష్ట్రాల కయోటీ సాధారణంగా 25 నుంచి 35 పౌండ్లు, తూర్పున కొంచెం ఎక్కువ. పక్కకు తిరిగి నిలబడితే ఛాతీ ఈ పక్క నుంచి ఆ పక్కకు ఆరేడు అంగుళాలకు మించదు. జింక కోసం చేసిన బుల్లెట్ ఆ ఆరంగుళాల్లో ఇంకా విచ్చుకుంటూనే ఉండగా బయటపడిపోతుంది. మనకు కావలసింది పక్కటెముక దాటిన వెంటనే ముక్కలవడం మొదలుపెట్టి, ఆ ముక్కలన్నీ లోపలే ఆగిపోయే బుల్లెట్.

ఇంత పట్టింపు ఎందుకంటే తోలు సంత ఇప్పుడు ముందులా లేదు. తోళ్ళను వేలం వేసే నార్త్ అమెరికన్ ఫర్ ఆక్షన్స్ 2019లో అప్పుల పాలై ఆగిపోయింది. 2021 జూన్‌లో కెనడా గూస్ కంపెనీ తన కోట్లకు బొచ్చు వాడటం మానేస్తున్నట్టు ప్రకటించింది. కోటు టోపీ అంచుకు వాడేది ఎక్కువగా కయోటీ బొచ్చే కాబట్టి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. ఇప్పుడు మోంటానా, వయోమింగ్, డకోటాలు, అల్బెర్టా, సస్కాచివాన్ వైపు దొరికే లేత రంగు దట్టమైన చలికాలపు తోళ్ళకే చెప్పుకోదగ్గ గిరాకీ ఉంది. అందులోనూ చీలిక ఉన్నదాన్ని కొనేవాడు మొదట పక్కకు పెడతాడు.

ఇక తూటాల సంగతి. తూటా పేరులోని .17, .22 వంటివి సుమారుగా బుల్లెట్ వ్యాసం, అంగుళాల్లో. గ్రెయిన్లు బుల్లెట్ బరువు. వేగాలన్నీ సెకనుకు అడుగుల్లో, కంపెనీలు ఇచ్చినవి. అవి 24 లేదా 26 అంగుళాల బ్యారెల్‌తో కొలిచినవన్నది గుర్తుంచుకోవాలి.

.17 హెచ్‌ఎమ్‌ఆర్, .22 మాగ్నమ్

ఈ రెండూ తోలుకు చాలా మెత్తనివి. కయోటీకి మాత్రం చాలీచాలనివి. .17 హెచ్‌ఎమ్‌ఆర్ 17 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ (హోర్నడీ కంపెనీ చేసే, ప్లాస్టిక్ మొన, పల్చటి జాకెట్ ఉన్న బుల్లెట్) 2,550తో బయలుదేరి 100 గజాలకే 1,900కు పడిపోతుంది. బయలుదేరేటప్పుడే దాని శక్తి 245 అడుగు-పౌండ్లు. భుజం ఎముకకు తగిలితే అక్కడితో సరి. 20 గ్రెయిన్ల ఎక్స్‌టీపీ హాలో పాయింట్ (మొనలో గుంట ఉన్న బుల్లెట్) నిదానంగా విచ్చుకుంటుంది కాబట్టి కొంచెం లోతుకు వెళ్తుంది. కయోటీ మీద తప్పనిసరైతే ఆ రకం ఎంచుకోవాలి. 75 గజాల లోపు, గాలి లేనప్పుడు, పక్కటెముకల మీదకు మాత్రమే. .22 మాగ్నమ్ 40 గ్రెయిన్ల హాలో పాయింట్‌కూ అదే హద్దు. బోనులో పడిన జంతువుకు ఇవి సరిపోతాయి. పిలుపుకు (వేటగాడు రప్పించడానికి చేసే జంతువు అరుపుకు) పరుగెత్తుకొచ్చే కయోటీకి వీటిని సిఫార్సు చేయలేం.

.22 హార్నెట్, .17 హార్నెట్

పాత .22 హార్నెట్‌ను మర్చిపోయినవాళ్ళు ఒకసారి మళ్ళీ చూడాలి. 35 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ 3,100తో వెళ్ళి 100 గజాల దగ్గర 2,270 దాకా తగ్గుతుంది. పొట్టి బుల్లెట్ కాబట్టి వేగం నిలవదు. కానీ 120 గజాల లోపు ఆ తగ్గుదలే తోలును కాపాడుతుంది. పొదలు, చిన్న చిన్న పొలం గట్లు ఉండే చోట ఇది చక్కని తూటా.

.17 హార్నెట్‌ను హోర్నడీ 2012 ప్రాంతంలో తెచ్చింది. 20 గ్రెయిన్ల వీ-మ్యాక్స్, 3,650. 100 గజాల దగ్గర సుమారు 3,080, 200 దగ్గర 2,570. చప్పుడు తక్కువ, తన్ను దాదాపు లేదు, గుండు తగిలిన క్షణం స్కోప్‌లోనే కనిపిస్తుంది. లోపలికి వెళ్ళిన చిల్లు కోసం బొచ్చు విడదీసి వెతుక్కోవలసిందే. అవతలికి రావడం అరుదు. లోపమల్లా గాలి. పక్క గాలి గంటకు 10 మైళ్ళు దాటితే 200 గజాల దగ్గర ఇది నమ్మకం ఇవ్వదు. ఇంకో సంగతి, ఎదురు వాలుగా (మనవైపు ఏటవాలుగా తిరిగి) నిలబడిన జంతువు భుజం మీదకు కాల్చకూడదు. 20 గ్రెయిన్ల బుల్లెట్‌కు ఎముకను దాటి వెళ్ళే బరువు లేదు.

.17 రెమింగ్టన్

1971 నాటి తూటా. తోలు వేటగాళ్ళు దశాబ్దాలుగా దీన్ని పట్టుకుని ఉండటానికి కారణం ఉంది. 25 గ్రెయిన్ల హాలో పాయింట్ 4,000 పైన వెళ్ళి ఛాతీలో పూర్తిగా పొడి అయిపోతుంది. 20 గ్రెయిన్ల ఆక్యుటిప్ (ప్లాస్టిక్ మొన ఉన్న బుల్లెట్) 4,250. ఈ రెండింట్లో కయోటీకి 25 గ్రెయిన్లదే మేలు. 50 గజాల దగ్గర 20 గ్రెయిన్లది మరీ వేగంగా ఉండి, భుజానికి తగిలితే పైపైనే పగులుతుంది.

ఇబ్బందులు రెండు. దుకాణంలో పెట్టెలు దొరకడం కష్టం, కొత్త రైఫిళ్ళూ తక్కువే. రెండోది, సన్నని గొట్టంలో రాగి తొందరగా పేరుకుంటుంది. ఇరవై ముప్పై గుళ్ళకు ఒకసారి .17కు సరిపడే సన్నని కడ్డీతో, రాగి కరిగించే ద్రావకంతో శుభ్రం చేయకపోతే గ్రూపు (వరుసగా కాల్చిన గుళ్ళు కాగితం మీద పడే గుంపు) విచ్చుకుపోతుంది. చాలామంది అప్పుడు స్కోప్‌ను తప్పుపడతారు.

.204 రూగర్

తోలు కోసం ఒక్క రైఫిలే కొనేవాళ్ళకు మా మొదటి మాట ఇదే. 2004లో వచ్చింది. .17ల మెత్తదనం చాలావరకు ఉంటుంది, గాలికి .17ల కన్నా బాగా ఓర్చుకుంటుంది, పెట్టెలూ దొరుకుతాయి. అయితే ".204 మంచిది" అని ఊరుకుంటే సరిపోదు. ఇందులో బరువు ఎంపిక మీదే ఫలితమంతా ఉంది.

32 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ 4,225తో బయలుదేరుతుంది. 200 గజాలకు జీరో చేస్తే, అంటే అక్కడ గురి పెట్టిన చోటే తగిలేలా స్కోప్ సర్దితే, 100 దగ్గర అరంగుళం పైన, 300 దగ్గర నాలుగంగుళాల కింద తగులుతుంది. అంటే 250 గజాల దాకా పైకీ కిందికీ లెక్కలు అక్కర్లేదు. ఆ సౌకర్యానికి మెచ్చి అందరూ ఇదే కొంటారు. కానీ కయోటీ పిలుపుకు వచ్చి 50 గజాల దగ్గర ఆగితే ఆ బుల్లెట్ ఇంకా 3,900 దగ్గర ఉంటుంది. పక్కటెముకల మధ్య తగిలితే అద్భుతం. మూడంగుళాలు ముందుకు జరిగి భుజపు ఎముక మీద తగిలితే జాకెట్ అక్కడే విచ్చుకుపోయి, అరచేతి వెడల్పు తోలు మాంసంతో సహా ఊడిపోతుంది. .204 గురించి వచ్చే చెడ్డ మాటల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క కలయిక నుంచి వచ్చేవే: 32 గ్రెయిన్లు, దగ్గరి దూరం, భుజం.

40 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ 3,900తో మొదలై 100 గజాల దగ్గర 3,450-3,500 మధ్య ఉంటుంది. పెట్టె మీద 325 అడుగులు తక్కువ కనిపిస్తుంది గానీ, దూరం పెరిగేకొద్దీ తేడా తరిగిపోతూ వస్తుంది. 300 గజాల దగ్గరకు వచ్చేసరికి బరువైనదే కాస్త ముందుంటుంది. ఇది భుజాన్ని దాటి ఊపిరితిత్తులకు చేరుతుంది. అప్పుడప్పుడు అవతలికి వస్తుంది, వచ్చినా సాధారణంగా బొటనవేలి గోరంత చిల్లు. కుట్టేయవచ్చు. దగ్గరా దూరమూ రెండూ ఎదురయ్యే చోట 40 గ్రెయిన్లదే కొనాలి. ఫియోకీ ఇదే బుల్లెట్‌ను 50 తూటాల పెట్టెల్లో అమ్ముతుంది. జీరో చేసుకోవడానికీ సాధనకూ అది అనువు. తూటాలు స్వయంగా నింపుకునేవాళ్ళకు సియెర్రా 39 గ్రెయిన్ల బ్లిట్జ్‌కింగ్ కూడా అంతే మంచి ఎంపిక.

45 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర సీసం బయటికి కనిపించే బుల్లెట్) కూడా ఒకటుంది. అది లోతుకు వెళ్ళడానికి చేసింది. తోలుకు వద్దు.

.223 రెమింగ్టన్

చాలామంది చేతిలో ఇప్పటికే ఉన్నది ఇదే. దీనికోసం కొత్త రైఫిల్ కొననక్కర్లేదు, తూటా సరిగా ఎంచుకుంటే చాలు. 50 లేదా 55 గ్రెయిన్ల పాలిమర్ (ప్లాస్టిక్) మొన ఉన్న వార్మింట్ బుల్లెట్, అంటే చిన్న జంతువుల కోసం చేసినది: హోర్నడీ వీ-మ్యాక్స్, నోస్లర్ బాలిస్టిక్ టిప్ వార్మింట్, సియెర్రా బ్లిట్జ్‌కింగ్, వీటిలో ఏదైనా. 55 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ 3,240తో వెళ్ళి 100 గజాల దగ్గర 2,850, 200 దగ్గర 2,500 ఉంటుంది. 16 అంగుళాల ఏఆర్ (ఏఆర్-15 తరహా సెమీ-ఆటోమేటిక్ రైఫిల్) బ్యారెల్‌లో మొదలే 3,000 చుట్టుపక్కల ఉంటుంది, తోలు విషయంలో ఆ తగ్గుదల మంచికే. సగం సార్లకు పైగా బుల్లెట్ లోపలే ఆగిపోతుందని ఆశించవచ్చు. పక్కటెముకల సందులోంచి పోయి ఎక్కడా ఎముక తగలకపోతే మాత్రం అవతల రూపాయి బిళ్ళంత చిల్లు పడే అవకాశం ఉంది.

40 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ తోలుకు ఇంకా మెత్తనిది, 150 గజాల లోపు బాగుంటుంది. ఆ పైన గాలి దాన్ని ఆడిస్తుంది. 53 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ సూపర్‌ఫార్మెన్స్ 3,465. దూరానికి మంచిదే గానీ, ఆ అదనపు వేగం తోలుకు ఉపకారం చేయదు.

జింకల కోసం చేసిన 60 గ్రెయిన్ల పై సాఫ్ట్ పాయింట్లు, సీసాన్ని జాకెట్‌కు అతికించి చేసే 62 గ్రెయిన్ల ఫ్యూజన్ వంటివి పక్కన పెట్టాలి. అవి విడిపోకుండా విచ్చుకుని, ఆ విచ్చుకున్న వెడల్పుతోనే బయటికి వస్తాయి.

ఇక ఎఫ్‌ఎమ్‌జే, అంటే మొనతో సహా జాకెట్ కప్పిన బుల్లెట్. "పూర్తి జాకెట్ ఉంది కాబట్టి సూదిలా దూరి సూదిలా వస్తుంది, తోలుకు ఇదే మంచిది" అన్న మాట ప్రతి సీజన్‌లోనూ వినిపిస్తుంది. సగమే నిజం. 55 గ్రెయిన్ల మిలిటరీ రకం బుల్లెట్ 2,700కు పైన తగిలితే లోపల తలకిందులై, నడుం దగ్గర గాడి వద్ద విరిగిపోతుంది. ముక్కలు ఏ వైపు వస్తాయో చెప్పలేం, బయటి చిల్లు చింపేసినట్టు ఉంటుంది. దాని కన్నా తక్కువ వేగంలో నిజంగానే సన్నని చిల్లు పెట్టి దూసుకుపోతుంది, కయోటీ మాత్రం 300 గజాలు పరుగెత్తి ఏ పొదలోనో పడుతుంది, చాలాసార్లు దొరకదు. పైగా గట్టి నేల మీద ఎగిరి ఎటు పోతుందో తెలియదు. కొన్ని చోట్ల వేటకు ఎఫ్‌ఎమ్‌జే నిషేధం కూడా. చవక అన్న ఒక్క కారణంతో దీన్ని కయోటీ మీద వాడటం సరికాదు.

ఏఆర్‌తో కాల్చేవాళ్ళు బ్యారెల్ మీద చెక్కిన ట్విస్ట్ అంకె (ఎన్ని అంగుళాలకు బుల్లెట్ ఒక చుట్టు తిరుగుతుందో చెప్పేది) చూసుకోవాలి. 3,240 వేగంలో 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బ్యారెల్ బుల్లెట్‌ను నిమిషానికి సుమారు 1,94,000 చుట్లు తిప్పుతుంది. 7 అంగుళాల ట్విస్ట్ అదే బుల్లెట్‌ను 3,33,000 చుట్లు తిప్పుతుంది. పల్చటి జాకెట్ మీద ఆ తేడా చిన్నది కాదు. వేగపు ట్విస్ట్‌లో అదే వీ-మ్యాక్స్ ఇంకా త్వరగా, ఇంకా విసురుగా విడిపోతుంది. హోర్నడీ ఎస్‌ఎక్స్ వంటి అతి పల్చటి జాకెట్ బుల్లెట్లను 3,500 వేగం దాటించవద్దని కంపెనీయే చెబుతుంది. 7 ట్విస్ట్‌లో అవి లక్ష్యం చేరకముందే గాలిలో చెదిరిపోవచ్చు. కాగితం మీద బూడిద రంగు గీత కనిపించి చిల్లు లేకపోతే జరిగింది అదే.

.22-250, .243

.22-250 తోలుకు శత్రువు అన్న పేరు పూర్తిగా న్యాయం కాదు. 55 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ 3,680తో వెళ్తుంది. 100 గజాల దగ్గర దాని వేగం .223 గొట్టం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఉండే వేగంతో దాదాపు సమానం. అంటే 200 గజాల దగ్గర .22-250 చేసే గాయం, 100 గజాల దగ్గర .223 చేసే గాయం లాంటిదే. బయలు నేలలో, జంతువు 200 దాటి ఆగే చోట ఇది మంచి తూటా. పిలుపు వేసి 40 గజాలకు రప్పించే చోట మాత్రం చీలిక తప్పదు. 40 గ్రెయిన్ల తేలిక రకాలు 4,000 దాటుతాయి. దగ్గర్లో అవి .204 32 గ్రెయిన్ల జబ్బునే ఇంకా పెద్దగా చూపిస్తాయి.

.243 విషయంలో ఎక్కువ చెప్పక్కర్లేదు. 58 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ పెట్టినా బయటి చిల్లు కుట్టడానికి లొంగదు. పశువుల మంద కాపాడుకోవడానికైతే వాడండి. తోలు కోసమైతే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టే.

సీసం లేని తూటాలు

కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వన్యప్రాణిని తుపాకీతో వేటాడినా సీసం లేని తూటాయే వాడాలి, కయోటీకీ అదే నియమం. అక్కడి వాళ్ళకు హోర్నడీ ఎన్‌టీఎక్స్, బార్న్స్ వార్మింట్ గ్రెనేడ్ అనే బుల్లెట్లే దారి. బార్న్స్ లోపల రాగి-తగరం పొడిని అదిమి చేసిన గుజ్జు ఉంటుంది. తగలగానే పొడిపొడి అవుతుంది, తోలు విషయంలో వీ-మ్యాక్స్‌కు తీసిపోదు. ఒకటే జాగ్రత్త: సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు పొడవు ఎక్కువ, నెమ్మది ట్విస్ట్ పాత బ్యారెళ్ళలో కుదురుకోకపోవచ్చు. ఎక్కువ కొనేముందు కొన్ని కాగితం మీద కాల్చి చూడాలి, చిల్లు గుండ్రంగా కాక కోలగా పడితే ఆ బ్యారెల్‌కు ఆ బుల్లెట్ సరిపడదు. పూర్తి రాగితో జింకలకు చేసిన బుల్లెట్లు వేరు. అవి ముక్కలవకుండా దూసుకుపోతాయి, తోలుకు పనికిరావు.

ఎక్కడ తగలాలి

మంచి తూటా కూడా తప్పు చోట తగిలితే తోలు పోయినట్టే. పక్కకు తిరిగి ఉంటే ముందు కాలి వెనక, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర. అక్కడ పక్కటెముకలే తప్ప లావు ఎముక లేదు. ఎదురుగా కూర్చుని మనవైపే చూస్తుంటే అది ఇంకా మంచి అవకాశం. గొంతు కింద, రెండు భుజాల మధ్య తగిలితే బుల్లెట్ ఒంటి పొడవునా ప్రయాణించి లోపలే ఆగుతుంది, బయటి చిల్లు అన్నదే ఉండదు. చాలా తోళ్ళు పాడయ్యేది ఈ రెండింటికీ మధ్య, ఎదురు వాలుగా ఉన్నప్పుడు. ఆ భంగిమలో భుజం అడ్డొస్తుంది. చిన్న అరుపు చేస్తే చాలాసార్లు ఆగి పక్కకు తిరుగుతుంది, అంతవరకు ఆగాలి. తలకు కాలిస్తే ముఖం తోలు పోతుంది, లక్ష్యమూ చిన్నది, దవడ విరిగి పారిపోయే ప్రమాదమూ ఉంది. అది వద్దు.

పడ్డాక చిల్లులో, ముక్కులో దూది కుక్కాలి. నెత్తురు కారుతూ తోలంతా అంటుకుంటే వేడి నీళ్ళు పోయవద్దు, పట్టుకుపోతుంది. చన్నీళ్ళతో కడగాలి. ఈడ్చుకెళ్ళకూడదు, గడ్డకట్టిన నేల మీద బొచ్చు మొనలు విరుగుతాయి.

చిల్లు కుట్టడం తోలు ఆరకముందే జరగాలి. తోలు వైపు పైకి తిప్పి, చిల్లు అంచులను ముక్కు నుంచి తోక దిశగా పొడవుగా, పడవ ఆకారంలో కత్తిరించాలి. గుండ్రంగా వదిలేసి కుడితే రెండు చివర్లా ముడత లేస్తుంది, బిగించి ఆరబెట్టినప్పుడు అక్కడే చిరుగుతుంది. మూడు అంచుల తోలు సూది, మైనం రాసిన దారం, అది లేకపోతే వాసన లేని డెంటల్ ఫ్లాస్. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎనిమిదో వంతు అంగుళం. ప్రతి కుట్టుకు ముందు బొచ్చును అటువైపు తోసేయాలి, దారంలో చిక్కితే బయటి నుంచి గీతలా కనిపిస్తుంది. అంగుళం లోపు చిల్లు ఇలా కుడితే బొచ్చు వైపు నుంచి పట్టుకోవడం కష్టం. రెండంగుళాలు దాటితే కుట్టినా తోలు వెడల్పు తగ్గి పక్కలు వంకరపోతాయి.

కొనేటప్పుడు

ముందు ఒకే బుల్లెట్ రెండు కంపెనీల పెట్టెలు తెచ్చి 100 గజాల దగ్గర ఐదేసి గుళ్ళు కాల్చి చూడండి. కయోటీ ఛాతీలో తగలాల్సిన చోటు నాలుగంగుళాలు. గ్రూపు అంగుళంలోపు వచ్చే పెట్టెనే ఎంచుకోవాలి. వేగం రెండు వందలు తక్కువైనా ఫరవాలేదు. ఎంచుకున్నాక పెట్టె పక్కన ముద్రించిన లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు) చూసి, సీజన్‌కు సరిపడా అదే లాట్‌వి ఒకేసారి తీసుకోవాలి. లాట్ మారితే తగిలే చోటు అంగుళం దాకా జరగవచ్చు, .17 లాంటి వాటిలో ఆ అంగుళమే పక్కటెముకకూ భుజానికీ మధ్య దూరం. జీరో కూడా ఎండలో కాక, వేటాడే చలిలోనే చేసుకోవాలి. సున్నా డిగ్రీలకు బాగా దిగువన కొన్ని మందుగుండ్లు నెమ్మదిగా మండి వేగం తగ్గుతుంది. సెప్టెంబరులో సరిగ్గా 200 గజాలకు కుదిరిన రైఫిల్ జనవరిలో కాస్త కింద కొట్టడానికి కారణం అదే.